మరమ్మతు చేసినవారికీ పూచీ ఉంది

నడవలేనివారికి మూడు చక్రాల బండే కాళ్లు. సైకిలు చెడిపోతే దిగి నెట్టుకుంటూ ఇల్లు చేరవచ్చు. కాని కాలువ గట్టు దిగుతుండగా మూడు చక్రాల బండి బ్రేకు తెగితే, అందులో కూర్చున్న మనిషి దూకి తప్పుకోలేడు. సైకిలుకు, ఈ బండికి గల ఈ తేడాను మరమ్మతు చేసేవారు గుర్తించవలసి ఉన్నది.

కేంద్ర ప్రభుత్వం 1981 నుంచి వికలాంగులకు ఒక పథకం కింద ఇటువంటి పరికరాలు అందజేస్తున్నది. కాన్పూరులో 1972లో నెలకొల్పిన అలింకో సంస్థ వీటిని తయారు చేస్తున్నది. శిబిరం పెట్టి, బండి చేతికిచ్చి, ఫొటో తీయించుకోవడంతో బాధ్యత తీరినట్లు భావించడం మాత్రం పరిపాటి అయింది. ఊరి బాటల గతుకులకు పోచలు వదులవుతాయి, ఫోర్కు బీట తీస్తుంది. అప్పుడు దిక్కు సెంటర్‌లోని సైకిలు షాపు, కాకుంటే వెల్డింగు షాపు.

అక్కడ చేసిన పని సరిగా లేక మనిషి పడి గాయపడితే ఎవరిది బాధ్యత? “మా ఖర్మ” అని ఊరుకునేవారే ఎక్కువ. ఊరుకోనక్కరలేదు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, వస్తువును తయారు చేసినవారితో పాటు దానికి మరమ్మతు వంటి సేవ చేసినవారిపైనా పూచీ పెట్టింది. పని లోపభూయిష్టంగా ఉన్నా, నిర్లక్ష్యం చేసినా, తెలిసిన ప్రమాదాన్ని దాచినా, తగిన హెచ్చరిక చేయకపోయినా, దానివల్ల హాని జరిగితే నష్టపరిహారం చెల్లించవలసి ఉంటుంది. “ఈ అతుకు బరువుకు ఆగదు” అని తెలిసి కూడా చెప్పకపోవడం తప్పే.

బండి ఉచితంగా వచ్చినదైనా మరమ్మతుకు డబ్బిచ్చినవారు వినియోగదారులే. పూర్తిగా ఉచితంగా చేసిన పని మాత్రం ఈ చట్టం ప్రకారం సేవ కిందికి రాదు. నష్టం జరిగిన రెండేళ్లలోగా తమ ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించకుంటే ఫీజు లేదు. వకీలును పెట్టుకోనక్కరలేదు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు.

అయితే ఆరోపించడం వేరు, రుజువు చేయడం వేరు. అందువల్ల ఏ భాగం మార్చారో, ఎంత తీసుకున్నారో చీటీ రాయించుకోవాలి. విరిగిన ముక్కను పారేయరాదు. ఆసుపత్రి కాగితాలు భద్రపరచాలి. బండిపై ధాన్యం బస్తాలు వేసి లాగించి, విరిగాక మెకానిక్కును నిందించడం కూడా న్యాయం కాదు.

షాపువారి ఇబ్బందులు మనకు తెలియనివి కావు. వారికి అసలు విడిభాగాలు దొరకవు, శిక్షణ ఇచ్చినవారు లేరు. అయినా తెలియని పనిని తెలియదని చెప్పడానికి శిక్షణ అక్కరలేదు. బండి తిరిగి ఇచ్చేముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, పల్లంలో బ్రేకు పట్టి చూడడానికి పది నిమిషాలు చాలు.

ఇక అధికారులు చేయవలసినది ఉన్నది. బండ్లు పంచే ప్రతి శిబిరంతో పాటు మరమ్మతు శిబిరం కూడా జరపాలి. మండలానికి ఒకరిద్దరు సైకిలు మెకానిక్కులకు ఈ పనిలో తర్ఫీదు ఇచ్చి, విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. పడిన తరువాత పరిహారం ఇప్పించడం కన్న పడకుండా చూడడం మేలు. బండి ఇచ్చిన చేయి, అది నడిచినంత కాలం దాని బాగోగులు కూడా చూడవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.