చామంతికి విత్తనం వేసి చూద్దాం

మన బడితోటల్లో చామంతి కొత్త కాదు. పిలక తెచ్చి నాటుతాం, చివర్లు తుంచుతాం, కార్తీకం నాటికి పూలు కోస్తాం. మరుసటి ఏడు మళ్లీ అదే పిలక, అదే పువ్వు. చామంతికి విత్తనం ఉంటుందనీ, అది మొలిస్తే తల్లిని పోలని మొక్క రావచ్చుననీ పిల్లల్లో ఎందరికి తెలుసు? హోసూరు, కోలారు, చిక్కబళ్లాపురం ప్రాంతాల్లో పూలసాగు ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకైనా ఇది తెలిసే అవకాశం తక్కువ. పొలంలో నాటేది కూడా పిలకో, కొమ్మ ముక్కకు వేళ్లు తెప్పించిన నారో కదా. కొత్త రకం ఎక్కడో తయారవుతుంది, మనం కొని తెచ్చుకుంటాం.

ఆ తయారీని మన భాషా మైనారిటీ పాఠశాలలు బడిలోకి తీసుకురావాలి. ఎనిమిదో తరగతిలో మొదలై పదో తరగతి దాకా సాగే మూడేళ్ల పనిగా పెట్టుకోవాలి. ‘తెలుగులో చదివితే పిల్లవాడు సైన్సులో వెనకబడతాడేమో’ అన్న భయం తల్లిదండ్రుల్లో ఉంది. దానికి ఉపన్యాసాలతో జవాబు చెప్పలేం. పిల్లవాడు తెలుగులో ఆలోచించి, తెలుగులో రాసి, సొంతంగా చేసిన ఒక పనిని చూపిస్తే చెప్పగలం. అలాంటి పనికి చామంతి బాగా పనికొస్తుంది.

ముందు పువ్వును విప్పి చూడాలి. మనం ఒక చామంతి అంటున్నది నిజానికి అనేక చిన్న పూల గుంపు. అంచున ఉన్న ఒక్కొక్క రేకూ ఒక్కొక్క ఆడపువ్వు. నడిమి పసుపు దిమ్మెలో ఉన్నవి ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న పూలు. పుప్పొడి దొరికేది అక్కడే. ముద్ద చామంతిలో దిమ్మె దాదాపు కనిపించదు కాబట్టి దాని నుంచి పుప్పొడి ఆశించలేం. తల్లిగా మాత్రం వాడుకోవచ్చు. రేకులను కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే అడుగున చీలిన నాలుకలాంటి కీలాగ్రం బయటపడుతుంది. దిమ్మె బాగా తెరుచుకున్న వేరే రకం పువ్వు నుంచి మెత్తటి కుంచెతో పుప్పొడి తెచ్చి దానికి అద్దాలి. రెండు మూడు రోజులు ఈ పని చేసి, తేనెటీగలు వాలకుండా పలుచని కాగితపు సంచి తొడగాలి. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసి చీటీ కట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తల ఎండి గింజ పండుతుంది.

వేరే రకం నుంచే ఎందుకు తేవాలి? సాధారణంగా చామంతి తన పుప్పొడిని తాను అంగీకరించదు. పక్క మొక్క పుప్పొడి చాలదా అని పిల్లలు అడుగుతారు. ఒకే రకం మడిలో మొక్కలన్నీ పిలకలుగా విడదీసినవే కాబట్టి జన్యుపరంగా అవన్నీ ఒక్క మొక్కే. మడి నిండా వెయ్యి మొక్కలున్నా ఆ పుప్పొడి ‘సొంతదే’ అవుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే అలైంగిక ప్రత్యుత్పత్తి పాఠంలో సగం వచ్చినట్టే.

బడి క్యాలెండరుకు కూడా ఈ పని సరిపోతుంది. చామంతి పొద్దు తగ్గి రాత్రులు పొడుగయ్యాక మొగ్గ వేస్తుంది. రాత్రంతా దీపం వెలిగే వరండా కింద ఒక కుండీ, చీకట్లో ఒక కుండీ పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. కొందరు రైతులు పూతను వెనక్కి జరపడానికి పొలాల్లో బల్బులు కట్టేదీ ఇందుకే. దీపావళి తర్వాత పుప్పొడి అద్దితే సంక్రాంతి దాటేసరికి గింజ చేతికొస్తుంది. దాన్ని ఆరబెట్టి, గాలి చొరని సీసాలో చల్లని చోట దాచి, జూన్‌లో బడి తెరిచాక నారు పోయాలి. ఎండాకాలం సెలవుల్లో నీళ్లెవరు పోస్తారన్న చిక్కు తొలి ఏడాది ఉండదు. చలికాలం మొదట్లో కొత్త మొక్కలు పూస్తాయి.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. మెండెల్ బఠానీ లెక్క 3:1 ఇక్కడ కనిపిస్తుందని పిల్లలకు చెప్పకండి. తోట చామంతి సాధారణంగా 54 క్రోమోజోములున్న మొక్క. తొమ్మిదేసి చొప్పున ఆరు జతకట్లు అందులో కలిసి ఉంటాయి. రెండు ప్రతుల లెక్క చెప్పే పాఠం ఆరు ప్రతుల మొక్కకు సరిపోదు. తెలుపును పసుపుతో కలిపితే ఏం వస్తుందో ముందే చెప్పడం కష్టం. తెలుపు సంగతే చూడండి. తెల్ల చామంతి రేకులో పసుపు రంగు పదార్థాలను విరగ్గొట్టే ఎంజైమ్ పనిచేస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. సంకరణానికి హద్దు కూడా ఉంది. తల్లిదండ్రుల్లో లేని గుణం దానివల్ల రాదు. నిజమైన నీలి చామంతి కోసం అదే దేశపు శాస్త్రవేత్తలు ఒక గంటపువ్వు జన్యువును, మన పెరటి శంఖుపుష్పం జన్యువును చామంతిలోకి ఎక్కించాల్సి వచ్చింది. 2017లో వెలువడిన ఆ ఫలితం కుంచెతో సాధ్యమయ్యేది కాదు.

పువ్వులు విచ్చాక అసలు పని మొదలవుతుంది. వంద మొలకలు పూస్తే తొంభైకి పైగా తీసేయాల్సినవే ఉండవచ్చు. ప్రతి మొక్కనూ ఎందుకు తీసేస్తున్నామో, ఎందుకు ఉంచుతున్నామో పిల్లలు రాయాలి. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు చెల్లవని మొదటే చెప్పాలి. ‘దారానికి గుచ్చితే రేకు రాలుతోంది’, ‘తొడిమ మెత్తన, పువ్వు వాలిపోతోంది’, ‘మొక్క సాగింది, ఊతకర్ర లేకుండా నిలవదు’, ‘రెండో రోజుకే అంచు వడలింది’ అని రాయాలి. ఈ మాటలు పిల్లలకు ఇంట్లోనే ఉన్నాయి. ఇంకా పూర్తిగా పట్టుబడని భాషలో రాయమంటే ఆ పిల్లవాడు మళ్లీ ‘మంచిది’, ‘చెడ్డది’ దగ్గరే ఆగిపోతాడు. కారణం చూడగలిగినా చెప్పలేడు. కాబట్టి పరిశీలన పుస్తకం తెలుగులోనే ఉండాలి. పాఠ్యపుస్తకపు మాటలను, రాష్ట్ర భాషలోని మాటలను తర్వాత పక్కన చేర్చుకోవచ్చు. చామంతి కన్నడంలో సేవంతిగె, మరాఠీలో శేవంతీ, తమిళంలో సామంది అని రాసుకున్న పిల్లలకు ఆ భాషలు పరాయివనిపించవు.

ఎంపికలో తల్లిదండ్రులకు పెద్దపీట వేయాలి. మాల కట్టే అమ్మకు ఏ పువ్వు చేతిలో రాలుతుందో తెలుసు. మార్కెట్‌కు పూలు వేసే నాన్నకు ఏది ప్రయాణానికి ఆగుతుందో తెలుసు. మార్కుల జాబితా మీద సంతకానికి మాత్రమే బడికి పిలిచే తల్లిదండ్రులను ఒకరోజు తీర్పరులుగా కూర్చోబెడదాం. తమ తల్లికి తెలిసినదీ శాస్త్రమేనని పిల్లలు ఆ రోజు గ్రహిస్తారు.

ఎంచిన రెండు మూడు మొక్కలను పిలకలు విడదీసి రెండో ఏడు మళ్లీ నాటాలి. మంచి ఎండ, మంచి మట్టి దొరికిన కుండీలో మామూలు మొక్క కూడా మెరుస్తుంది. ఆ మెరుపు కుండీదా, మొక్కదా అన్నది రెండో ఏడు పది చోట్ల నాటితేనే తేలుతుంది. మూడో ఏడు కూడా అదే గుణం నిలిస్తే, అప్పుడు దాన్ని రకం అనవచ్చు. 2001 నాటి వంగడాల రక్షణ, రైతు హక్కుల చట్టం అడిగేవీ ఇవే: కొత్తదై ఉండాలి, మిగతావాటి నుంచి వేరుగా కనిపించాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, గుణం నిలకడగా ఉండాలి. ఇలాంటి పంటలకు ఆ రక్షణ 15 ఏళ్లు. రైతులూ దరఖాస్తు చేయవచ్చు. మన బడుల్లో చాలావరకు అంతదాకా వెళ్లకపోవచ్చు. లక్షలొస్తాయని పిల్లలను ఊరించడమూ తగదు.

‘పదో తరగతి పరీక్షకు ఇది వస్తుందా? ఉన్న పనికే ఉపాధ్యాయులు చాలడం లేదు’ అనేవారుంటారు. ఆ ఇబ్బంది నిజమే. అయితే పూల ప్రత్యుత్పత్తి, అనువంశికత పాఠాలు ఎలాగూ చెప్పాల్సినవే. వాటిని బోర్డు మీది బొమ్మతో చెప్పే బదులు తోటలో చెబుతాం. కుండీలు, కుంచె, కాగితపు సంచులు, ఒక పుస్తకం తప్ప వేరే ఖర్చు లేదు. వారానికి ఒక పిరియడు చాలు. సలహాకూ మరీ దూరం పోనక్కర్లేదు. బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ చామంతి రకాలు విడుదల చేసింది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కో-1, కో-2 రకాలున్నాయి. యానాం వారికి కడియం నర్సరీలు దగ్గర.

ఈ పనిలో మన పాఠశాలలకు మామూలు బడికి లేని ఒక అనుకూలత ఉంది. ఏ కొత్త రకాన్నయినా వేర్వేరు వాతావరణాల్లో నాటి చూడాల్సిందే. హోసూరు చల్లదనం, షోలాపూర్ ఎండ, కొరాపుట్ కొండగాలి, యానాం తేమ... ఇన్ని చోట్ల మనకు బడులున్నాయి, అన్నింటిలోనూ ఒకే భాషలో పుస్తకం రాయగల పిల్లలున్నారు. హోసూరు బడి ఎంచిన పిలక కొరాపుట్‌లో ఎప్పుడు మొగ్గ వేసిందో అక్కడి అమ్మాయి రాస్తే, ఇక్కడి అబ్బాయి చదివి తన పుస్తకంతో పోల్చుకోగలడు. ఈ చలికాలం ఒక్కో బడీ రెండు మొక్కలను తల్లిదండ్రులుగా ఎంచుకుని పుప్పొడి అద్దితే, వచ్చే జూన్‌కు నారు పోయడానికి గింజలుంటాయి. పుస్తకంలో ఏ వివరాలు రాయాలో బడులన్నీ ఇప్పుడే మాట్లాడుకుని ఒక్క పద్ధతి పెట్టుకోవాలి.