సాఫ్ట్‌బాల్‌కు తెలుగు వ్యాఖ్యానమేదీ?

ఆసిఫాబాద్: పాఠశాలల క్రీడాపోటీల జాబితాలో సాఫ్ట్‌బాల్ ఏళ్ల తరబడి ఉంది. బాలికలు ఆడుతున్నారు, ధ్రువపత్రాలు తెచ్చుకుంటున్నారు. అయితే ఆ ఆటను టీవీలో చూసి మెళకువలు గ్రహించే అవకాశం మాత్రం కుమురం భీం జిల్లా విద్యార్థినులకు దాదాపు లేదనే చెప్పాలి. 1996లో ఒలింపిక్స్‌లో చేరిన మహిళల సాఫ్ట్‌బాల్‌ను 2008 తర్వాత తొలగించారు. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఒక్కసారి కనిపించి, 2024లో పారిస్‌లో మళ్లీ మాయమైంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు తిరిగి వస్తోంది. అప్పుడైనా తెలుగులో వివరించేవారు ఉంటారా అన్నదే ప్రశ్న.

వివరణ లేకుంటే ఈ ఆట కొత్తవారికి అంతుపట్టదు. బంతి విసిరే చోటుకూ బ్యాటర్‌కూ మధ్య దూరం 43 అడుగులే. చేతిని గిర్రున తిప్పి, నడుము కింది నుంచి వదిలే బంతి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వస్తే బ్యాటర్‌కు అర సెకను కూడా దక్కదు. ఆ బంతి లేచిందా, వంగిందా అన్నది చూసేవారి కంటికి ఆనదు. ఆడినవారే చెప్పాలి.

అమెరికాలో జరిగింది అదే. 1996, 2000 ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన పిచ్చర్ మిషెల్ స్మిత్, 2004 స్వర్ణ జట్టు సభ్యురాలు జెస్సికా మెండోజా మైకు ముందుకు వచ్చారు. స్మిత్ 2012లో, మెండోజా 2015లో పురుషుల బేస్‌బాల్ మ్యాచ్‌లకూ జాతీయ చానళ్లలో విశ్లేషకులుగా కూర్చోవడం గమనార్హం.

మన భాషకు ఆ శక్తి లేదనుకోవడం పొరపాటు. కబడ్డీలో కూత, పట్టు అంటే ఊరి ముసలివారికీ అర్థమవుతుంది. చిర్రగోనె ఆడినవారికి గాలిలో లేచిన బంతిని పట్టుకుంటే ఆటగాడు ఔట్ అని వేరే చెప్పనక్కర లేదు. 2018లోనే తెలుగు క్రీడా చానల్ వచ్చింది. కొరత మాట్లాడేవారిదే. రాష్ట్రస్థాయిలో ఆడి, నేడు వ్యాయామ ఉపాధ్యాయినులుగా ఉన్నవారికి శిక్షణ ఇస్తే ఆ కొరత తీరుతుంది. చానళ్లు మాజీ క్రికెటర్ల వైపే చూస్తున్నంత కాలం వారి పేరు తట్టదు.

2028 సాఫ్ట్‌బాల్ పోటీలు ఓక్లహోమా సిటీలో జరగనున్నాయి. అక్కడ రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకు మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు వస్తుంది. వసతిగృహాల్లో బాలికలు వ్యాయామానికి లేచే వేళ అది.