సున్నం సరే, పునాది మాటేమిటి?

సంపాదకులకు,

కంప్యూటర్ విడిభాగాల సమీక్షా వెబ్‌సైట్ల మీద మీరు గత సంచికలో వేసిన వ్యాసం చదివాను. యజమాని మారితే సైటు పని అయిపోయినట్టేనన్న తీర్పు నాకు మింగుడుపడలేదు. 1996లో మొదలైన టామ్స్ హార్డ్‌వేర్ ఎన్ని చేతులు మారినా నడుస్తూనే ఉంది. 1997లో ఆనంద్ లాల్ షింపి పెట్టిన ఆనంద్‌టెక్ 2014లో అమ్ముడై, 2024 ఆగస్టులో ఆగిపోయింది. 2018 నుంచి ఈ రెండింటికీ యజమాని ఒక్కరే, ఫ్యూచర్ సంస్థ! మరి తప్పంతా అమ్మకానిదేనా?

కొన్న ఇంటికి సున్నం కొట్టించడం తేలిక. ఇలాంటి సైటుకు పునాది మాత్రం పాత సమీక్షలే. మా సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు బేరమాడేవాడికి అక్కరకొచ్చేది ఏళ్ల కిందటి కొలతలే. కొత్త డిజైన్ పేరుతో ఆ లింకులు తెగితే, పట్టికలు చెదిరితే పాఠకుడు మళ్లీ గడప తొక్కడు. డ్రైవర్లు మారాక పాత కార్డులనూ కొత్తవాటి పక్కన పెట్టి మళ్లీ పరీక్షించాలి. కొత్త యజమాని ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడ.

— ఓ పాఠకుడు, సికింద్రాబాద్