ఆధారము దెలుపని సంవర్గమానము

ఏ ఆధారమునకైనను సంవర్గమానమును క్షణమాత్రమున గణించి చెప్పు సంకేతగణిత సాధనములు నేడు గలవు. వానిలో సింపై అనునది మూల్యము లేకయే యెల్లరకును లభించుచున్నది. ఇది సంతోషింపదగిన విషయము. అయినను సాధన మెంత గొప్పదైనను, దానిని వాడు విధమును దెలుపు వివరణము సరిగా లేనిచో విద్యార్థికి మేలుకంటె కీడే యెక్కువగునని మా యభిప్రాయము. ఆ వివరణము తెలుగున నుండవలెననియు, మన యూరి లెక్కలతో నుండవలెననియు మేము కోరుచున్నాము.

మూడు రెండులను హెచ్చింపగా 8 వచ్చును. కావున 2 ఆధారముగా 8 యొక్క సంవర్గమానము 3. ఆధారము మారినచో ఫలము మారును. 1614లో స్కాట్లండు దేశీయుడగు జాన్ నేపియర్ సంవర్గమానములను లోకమునకు దెలిపెను. 1617లో హెన్రీ బ్రిగ్స్ 10 ఆధారముగా పట్టికను బ్రకటించెను. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే మన దేశమున వీరసేనాచార్యుడు ధవళయను వ్యాఖ్యలో నీ భావమును వాడియుండెను. ఒక సంఖ్యను ఎన్నిమారులు సగము చేయవచ్చునో అది అర్ధచ్ఛేదము, మూడవవంతు చేయుచు బోయిన త్రికచ్ఛేదము, నాల్గవవంతైన చతుర్థచ్ఛేదము. పేరు వినినంతనే ఆధార మేదియో తెలియుచున్నది గదా!

నేటి సాధనములలో నట్లు గాదు. పెక్కింట ‘లాగ్’ అను పేరు ఆధార మేదియో చెప్పక యే వాడబడుచున్నది. 1000 యొక్క లాగ్ ఎంత యని ఆధారము చెప్పక యడిగినచో సింపై సహజ సంవర్గమానమును, అనగా సుమారు 6.908 అను విలువగల దానిని, గ్రహించును. ఎక్సెల్ 3 అని చెప్పును. రెండును సత్యములే. మొదటిదానికి 2.718 మొదలగు ఆయిలరు సంఖ్య ఆధారము. రెండవదానికి 10 ఆధారము. వివరణమున నీ భేదము మొదటి పంక్తిలోనే యుండవలెను. అంతేకాదు, సింపైలో ముందు సంఖ్యను, తరువాత ఆధారమును వ్రాయవలెను. మేథమేటికాలో ముందు ఆధారము, తరువాత సంఖ్య. ఈ వరుస దప్పినచో నేమగునో మన కళ్యాణదుర్గపు లెక్కతోనే చూతము.

వానలు దప్పి వేరుసెనగ పండని యేట రైతు అప్పు చేసెననుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలనెలకు వడ్డీ యసలులో గలియును. ఒక కాసైన తీర్పలేనిచో అప్పు ఎన్ని నెలలకు రెట్టింపగును? 1.02 ఆధారముగా 2 యొక్క సంవర్గమానమే దీనికి సమాధానము. అది సుమారు 35 నెలలు. వడ్డీ మూడు రూపాయలైనచో ఆధారము 1.03, సమాధానము 23న్నర నెలలకు లోపుననే యుండును. ఒక్క రూపాయి వడ్డీ పెరిగినంతనే దాదాపు పండ్రెండు నెలల గడువు తరిగిపోయినది. మొదటి లెక్కలో సంఖ్యను, ఆధారమును తారుమారు చేసినచో 0.0286 వచ్చును. అనగా ఒక్క దినమైన గడువకమునుపే అప్పు రెట్టింపగునట! సాధనము తప్పు చేయలేదు. అడిగిన ప్రశ్నకే బదులిచ్చినది. ఆధారము 1 కాగూడదను నియమమును గూడ నీ లెక్కయే బోధించును. వడ్డీలేని యప్పు ఎన్ని యుగములైనను రెట్టింపు కానేరదు.

మరియొక విషయము. 3 ఆధారముగా 8 యొక్క సంవర్గమానము నడిగినచో సింపై దశాంశసంఖ్య నీయక, 8 యొక్క లాగ్‌ను 3 యొక్క లాగ్‌చే భాగింపుమను రూపముననే యుంచును. యంత్రము విఫలమైనదని బాలుడు భ్రమపడవచ్చును. అది వైఫల్యము గాదు, లేశమైన కోతపడని నిజమైన విలువ. కావలసినచో 1.8928 అని దశాంశములలో బొందవచ్చును. పైథాన్ భాషలోని సామాన్య గణితభాగమున 10 ఆధారముగా 1000 సంవర్గమానము నడిగినచో 2.9999999999999996 అని వచ్చుట గలదు. సింపై సరిగా 3 అనును. ఈ తారతమ్యము దెలుపని వివరణ మసంపూర్ణము.

ఇంగ్లీషున వివరణ లుండగా తెలుగున నేల యని కొందరందురు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహము సంస్కృతమున నుండగనే పావులూరి మల్లన తొమ్మిది శతాబ్దులకు పూర్వమే దానిని తెలుగున వ్రాసెను. భాష తెలియని కారణమున లెక్క తెలియకపోవుట యుచితము కాదని మేము తలంచెదము. అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయు తండ్రికి వడ్డీ లెక్కను ఇంగ్లీషున జెప్పిన నేమి ప్రయోజనము?

కావున విద్యార్థి సోదరీసోదరులకు మా విన్నపము. సాధనమును వాడుడు, కాని వాడిన ప్రతి సూత్రమునకు ఆధార మేదియో, వరుస యేదియో, ఏ సంఖ్యలకు చెల్లదో, నాలుగు పంక్తులలో తెలుగున వ్రాసి, మీ యింటి లెక్క యొకటి జోడింపుడు. ఆధారము చెప్పని సంవర్గమానము వడ్డీ యెంతయో వ్రాయని పత్రము వంటిది. అట్టి పత్రముపై మనము చేవ్రాలు చేయము గదా!