అప్‌డేట్ అయిన మర్నాడే తెర నల్లబడితే...

ఖమ్మం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. కొడుకు ఇంజనీరింగు రెండో సంవత్సరం. చదువుకీ ఆటకీ రెంటికీ పనికొస్తుందని గేమింగ్ లాప్‌టాప్ వాయిదాల మీద కొన్నారు. ఒక రాత్రి అది తనంతట తానే అప్‌డేట్ అయింది. మర్నాటి నుంచి ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకి తెర నల్లబడటం, ఆట మూసుకుపోవడం, ఒక్కోసారి నీలం తెర వచ్చి లాప్‌టాప్ మళ్ళీ మొదటి నుంచి ఆన్ కావడం. "రాత్రింబవళ్ళు ఆడి తగలేశావు" అని తండ్రి కేకలు. అబ్బాయి రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదట. బజారులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, 28,000 అవుతుందన్నారు. "చీటీ పాడేయమంటారా?" అని ఆవిడ అడుగుతున్నారు.

అప్పుడే పాడకండమ్మా. మీ ఉత్తరంలో "మర్నాటి నుంచి" అన్న మాటే అసలు ఆచూకీ. ఆట వల్ల బోర్డు పోయేదైతే అప్‌డేట్ అయ్యేదాకా ఆగి మరీ పోదు కదా!

ఇలాంటి లాప్‌టాప్‌లో బొమ్మ చూపించే చిప్పులు మామూలుగా రెండుంటాయి. ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నది ఒకటి, విడిగా ఉండే పెద్దది ఒకటి. పెద్దది చాలావాటిలో ఎన్విడియా వారిది. రోజూ వంటకి చిన్న పొయ్యి, పండగ వంటకి పెద్ద పొయ్యి అన్నట్టు, ఉత్తరాలు రాసుకోడానికి చిన్నది, ఆటకి పెద్దది పనిచేస్తాయి. ఈ రెంటికీ విండోస్‌కీ మధ్య మాట మోసే ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. రెండు చిప్పులకి రెండు డ్రైవర్లు. విండోస్ అప్‌డేట్‌తో పాటు డ్రైవర్లు కూడా రావచ్చు. లాప్‌టాప్ కంపెనీ వేసి పంపినదాన్ని తీసేసి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. ఒక్కోసారి డ్రైవర్ పాతదే ఉండి విండోస్ మారిపోతుంది. ఎలా అయినా పొసగకపోతే గొడవే.

తెర నల్లబడటం ఎందుకంటే, విండోస్‌కి ఒక పద్ధతి ఉంది. గ్రాఫిక్స్ చిప్పు నుంచి 2 సెకన్లలో జవాబు రాకపోతే అది బిగుసుకుపోయిందనుకుని డ్రైవర్‌ని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ కుదుపుకి చాలా ఆటలు తట్టుకోలేవు, మూసుకుపోతాయి. అలా లేపినా లేవకపోతే నీలం తెర. ఆ 2 సెకన్లని పెంచుకునే చిట్కా ఒకటి పిల్లలు వీడియోల్లో చూసి రిజిస్ట్రీలో మార్చేస్తుంటారు. కుక్కర్ కూత వినపడకుండా గుడ్డ కప్పడం లాంటిదది. నా ఓటు దానికి లేదు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతే కాదు. 2024 అక్టోబరులో విండోస్ 11 కొత్త రూపం 24హెచ్2 వచ్చాక అసాసిన్స్ క్రీడ్ వరసలోవి, స్టార్ వార్స్ అవుట్‌లాస్ వంటి ఆటలు బిగుసుకుపోతుంటే, అవి ఉన్న కంప్యూటర్లకి ఆ అప్‌డేట్ ఇవ్వడం మైక్రోసాఫ్టే కొన్నాళ్ళు ఆపింది. 2025 అక్టోబరు అప్‌డేట్ తర్వాత కొన్ని ఆటలు నెమ్మదించాయని ఎన్విడియా నవంబరులో ప్రత్యేకంగా ఒక డ్రైవర్ విడుదల చేసింది. వాళ్ళకే తప్పనిది మీ అబ్బాయి మీదికి తోయడం ఏం న్యాయం?

ముందు తారీఖు ఖాయం చేసుకోండి. స్టార్ట్ నొక్కి రిలయబిలిటీ అని టైపు చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అని వస్తుంది. తెరిస్తే క్యాలెండరులాగా రోజులు వరసగా కనిపిస్తాయి. ఏదైనా ఆగిపోయిన రోజున ఎర్రటి గుర్తు ఉంటుంది, ఆ రోజు మీద నొక్కితే ఏ అప్‌డేట్ వచ్చిందో కింద రాసి ఉంటుంది. ఎర్రగుర్తులు అప్‌డేట్ తర్వాతే మొదలైతే అనుమానం డ్రైవర్ మీదే. అంతకు ముందు నెల నుంచే అక్కడక్కడ ఉంటే వేడి సంగతి చూడాలి. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే అడుగున గాలి ఆడదు. ఫ్యాన్ల దుమ్ము దులిపించి ఎన్నాళ్ళయిందో అబ్బాయిని అడగండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ పేజీలో పెద్ద చిప్పు వేడి ఎన్ని డిగ్రీలో ఉంటుంది.

ఆ తర్వాత ఒక్క అడుగు వెనక్కి వేయాలి. స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు చిప్పుల పేర్లూ ఉంటాయి. పేరు మీద రెండుసార్లు నొక్కి, డ్రైవర్ అన్న పేజీలో తారీఖు చూడండి. అక్కడే "రోల్ బ్యాక్ డ్రైవర్" అని ఉంటుంది. నొక్కితే పాతది తిరిగి వస్తుంది. చాలామంది పెద్ద చిప్పునే చూసి చిన్నదాన్ని మర్చిపోతారు. రెండూ చూడాలి. ఆ మీట వెలిసినట్టు ఉంటే పాత డ్రైవర్ దాచిలేదని అర్థం. అప్పుడు లాప్‌టాప్ అడుగున చీటీ మీదున్న మోడల్ నంబరు రాసుకుని, దాన్ని తయారుచేసిన కంపెనీ సైట్‌లోంచే డ్రైవర్ దించుకోండి. డ్రైవర్లన్నీ మేమే సరిచేస్తామని ఊరించే ప్రోగ్రాముల జోలికి పోవద్దు.

డ్రైవర్ మారలేదు, విండోసే మారింది అనుకోండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ, దాని అడుగున అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. ఆ తారీఖుది తీసేసి, పైనున్న పాజ్ మీటతో కొన్ని వారాలు ఆపి ఉంచండి. ఆపింది ఆపినట్టే వదిలేయకండి. అందులో భద్రత కోసం ఇచ్చేవి కూడా ఉంటాయి, ఆ లాప్‌టాప్ మీదే కరెంటు బిల్లూ బ్యాంకు పనీ చూసుకునేవాళ్ళు మరీ జాగ్రత్త.

సేఫ్ మోడ్, బయోస్ అప్‌డేట్ లాంటి వాటికి దిగేముందు మాత్రం ఒక్క పని తప్పనిసరిగా చేయండి. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం తనంతట తానే పడి ఉండవచ్చు. మార్పులు చేసినప్పుడు 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది లేకపోతే అబ్బాయి కాలేజీ ప్రాజెక్టు సహా అంతా లోపలే ఉండిపోతుంది. అతని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ అంకెలు మామూలుగా దొరుకుతాయి. చూసి సరుకుల పుస్తకం వెనక రాసి పెట్టుకోండి. లాప్‌టాప్‌లో దాస్తే బీరువా తాళం బీరువాలోనే పెట్టినట్టు.

బోర్డు నిజంగా పోయి ఉండే అవకాశం లేకపోలేదు. దానికీ ఇంట్లోనే పరీక్షలున్నాయి. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కుతూ ఉంటే చాలావాటిలో బయోస్ తెర వస్తుంది. అక్కడ ఏదీ మార్చకుండా పావుగంట అలాగే ఉంచండి. విండోస్ ఇంకా మొదలుకాలేదు కనుక అక్కడ కూడా గీతలు, చుక్కలు కనిపిస్తే తప్పు విండోస్‌ది కాదు. అప్పుడు టీవీకి హెచ్‌డీఎమ్‌ఐ తీగ కలిపి చూడండి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉండి లాప్‌టాప్ తెర మీదే గీతలుంటే పోయింది తెరో, దాని తీగో కావచ్చు. రెంటిలోనూ గీతలుంటేనే చిప్పు మీద అనుమానం.

అలాంటప్పుడు కూడా ముందు కొన్న రసీదు తీసి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. ఉంటే బయట ఎవరిచేతా మూత విప్పించవద్దు. లేకపోతే ఇంకో చోట కూడా చూపించి, ఏం పోయిందో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. పాత బోర్డు మాకు తిరిగి ఇవ్వాలని పని ఒప్పగించేటప్పుడే చెప్పండి.