రెజ్యూమెలో రాసింది తలుపు మీద చూపండి

మీ రెజ్యూమెలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ అని ఉందా? మరి రూమ్ తలుపుకు గడియ పడక నెలలవుతుంటే ఏం చేస్తున్నారు?

1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షలకు ఎందరో చదువుతుంటారు. అక్కడి నుంచి బేగంబజార్ వైపు నడిస్తే తాళాలు, హ్యాండిళ్లు, బందులు అమ్మే దుకాణాలు. అవి కూడా మీ సిలబస్‌లో ఉండాలంటాను.

తాళం పడకపోతే చాలామంది కొత్తది కొనేస్తారు. ముందు తలుపు తెరిచి ఉంచి తాళంచెవి తిప్పి చూడండి. సాఫీగా తిరిగితే తాళం బాగానే ఉన్నట్టు. వానలకు చెక్క ఉబ్బి ఉండొచ్చు. లేదా బందుల స్క్రూలు వదులై తలుపు కిందికి జారి ఉండొచ్చు. స్క్రూలే కారణమైతే స్క్రూడ్రైవర్ చాలు. తెరిచి ఉంచినా బిగుసుకుంటోందా? గ్రాఫైట్ పొడి వేయండి. నూనె వేస్తే దుమ్ము పట్టేస్తుంది. మార్చక తప్పకపోతే పాతదాన్ని దుకాణానికి వెంట తీసుకెళ్లండి, కొలత తేడా రాదు.

కోడ్‌లో బగ్ వెతకడమూ ఇంతే. ఒక్కో కారణాన్నీ విడదీసి పరీక్షించాలి. ‘ఏదైనా సమస్యను ఎలా పరిష్కరించారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, కాపీ కొట్టిన ప్రాజెక్టు కంటే మీరే బాగుచేసిన తలుపు గురించి చెప్పడం మేలు. ఎంత లోతుగా అడిగినా జవాబు మీ దగ్గరే ఉంటుంది.