డిగ్రీ ఉన్నా మొదటి మెట్టేనా?

ఇంటర్ అయ్యాక లా చదవాలంటే అయిదేళ్లు. అదే డిగ్రీ పూర్తిచేసి వెళితే మూడేళ్లు చాలు. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవాళ్లు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలోనే చేరుతున్నారు. చదివిన చదువుకు అక్కడ ఆపాటి విలువుంది. నర్సింగు దగ్గరికొచ్చేసరికి మాత్రం డిగ్రీ ఉన్నామె కూడా పదిహేడేళ్ల పిల్లలతో పాటు మొదటి మెట్టు మీదే నిలబడాలి. ఇదేం న్యాయం?

మా పల్నాడులో ఇది చాలా ఇళ్లలో ఉన్న ప్రశ్నే. మాచర్ల, గురజాల వైపు నుంచి నరసరావుపేట వచ్చి డిగ్రీ చదివే ఆడపిల్లలు ఎందరో. చదువు అవగానే పెళ్లి, ఆ వెంటనే పిల్లలు. ఆ పిల్లలు బడికెళ్లే వయసొచ్చాక "నేనూ ఏదన్నా చేస్తే బాగుండు" అనిపిస్తుంది. ఉన్న ఊళ్లోనే పని దొరికే వృత్తులంటే టీచరు, నర్సు ముందు గుర్తొస్తాయి. టీచరు కావడానికి డిగ్రీ మీద బి.ఇడి. ఉంది. మరి నర్సుకేదీ?

నేను బి.కాం. చదివి, ఇరవై తొమ్మిదో ఏట జి.ఎన్.ఎం.లో చేరాను. "డిగ్రీ చదివి సూదులేసే పనా?" అన్న చుట్టాలున్నారు. ఆ మాటలకు నేనేం కుంగిపోలేదు. సీటు కోసం నా ఇంటర్ మార్కులే తప్ప డిగ్రీ సంగతి ఎవరూ అడక్కపోవడమే బాధనిపించింది.

నిబంధనలు అలా ఉన్నాయి మరి. జి.ఎన్.ఎం. మూడేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు, 40 శాతం మార్కులుండాలి, ఇంగ్లీషు పాసవ్వాలి. వయసు మాత్రం 35 దాటకూడదు. నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగుకు ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ ఉండి తీరాలి. నాలాంటి సి.ఇ.సి. వాళ్లకు నర్సింగులో డిగ్రీ కావాలంటే జి.ఎన్.ఎం. తర్వాత ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ చదవాలి. బి.కాం. మూడేళ్లతో కలిపితే మొత్తం ఎనిమిదేళ్లు!

అమెరికాలో వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్లకు 11 నుంచి 18 నెలల్లో ముగిసే నర్సింగు డిగ్రీలున్నాయి. అనాటమీ లాంటివి ముందే పాసై రావాలి. అంత దూరం పోనక్కర్లేదు. చదువు ఆగిపోయిన పెద్దవయసు స్త్రీల కోసం, తక్కువ కాలంలో పూర్తయ్యే చదువులను కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లోనే మొదలుపెట్టింది. టీచర్లు, నర్సులు కావడానికి ఆ స్త్రీలకు తలుపు తీయాలన్నదే దాని ఉద్దేశం. ఆ బోర్డును నడిపింది మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. అరవై ఏళ్లు దాటినా ఆ ఆలోచన నర్సింగు కాలేజీ గడప తొక్కలేదు.

"తొందరపడి చదివితే రోగి ప్రాణం మీదికొస్తుంది" అనే వాళ్లున్నారు. ఒప్పుకుంటాను. వార్డు డ్యూటీలో ఒక్క గంట కూడా తగ్గించమని నేననను. నైట్ డ్యూటీలు చేస్తేనే చెయ్యి తిరుగుతుంది. కానీ మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు, కంప్యూటరు, సైకాలజీ, సోషియాలజీ కూడా ఉన్నాయి. డిగ్రీలో పాసైన వాటినే మళ్లీ ఎందుకు చదివించాలి? బి.ఎస్సీ.లో జువాలజీ చదివిన అమ్మాయికి ఇంకొంచెం వెసులుబాటు ఇస్తే తప్పేముంది? పిల్లల్ని పెంచి, అత్తమామలకు మందులిచ్చి, రాత్రిళ్లు మేలుకుని సేవ చేసిన ఆడదానికి 36 ఏళ్లు రాగానే తలుపు మూసేయడం ఏం సబబు?

డిగ్రీ ఉన్నవాళ్లకు విడిగా ఒక కోర్సు, వయసు నిబంధనకు సడలింపు. ఈ రెండూ మనం గట్టిగా అడగాలి.

అవి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకండి. ముందు ఇంటర్ మార్కుల జాబితా బయటికి తీయండి. వయసు లెక్క చూసుకోండి. చేరబోయే స్కూలుకు నర్సింగు కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కనుక్కోకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఇంట్లోవాళ్లు కాదంటే, మూడేళ్ల తర్వాత చేతికొచ్చే జీతం గురించి చెప్పి చూడండి. మీ డిగ్రీ వృథా అయిందని మాత్రం ఎవరినీ అననివ్వకండి. మందు మోతాదు లెక్క కట్టేటప్పుడు నా బి.కాం. నాకు రోజూ పనికొస్తూనే ఉంది.